జేఎఫ్‌కేయా, నెవార్కా? ఉండి నుంచి ఎడిసన్ దాకా పెద్దవాళ్ల ప్రయాణం

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మగారు, నాన్నగారు జూలైలో భీమవరం దగ్గర ఉండి అనే ఊరి నుంచి మొదటిసారి మీ దగ్గరికి, న్యూజెర్సీలో ఎడిసన్‌కి వస్తున్నారు. సంక్రాంతికి మళ్లీ ఇంట్లో ఉండాలి. న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టుకి టికెట్టు మనిషికి ఏడు వేలు తక్కువ చూపిస్తోంది, నెవార్క్ ఎయిర్‌పోర్టు మీ ఇంటికి దగ్గర. ఎక్కడ దిగాలి? ఇటు రాజమండ్రి, గన్నవరం, శంషాబాద్‌లలో ఎక్కడ ఎక్కాలి?

దిగడం నెవార్క్‌లోనే అండి. ఏడు వేల తేడాకి దాన్ని వదులుకోవద్దు. కానీ మొత్తం ప్రయాణం ఒకే టికెట్టు మీద ఉండి, మధ్యలో ఒక్కసారే విమానం మారేటట్టు దొరికితేనే నెవార్క్. దానికోసం రెండుచోట్ల మారాల్సి వస్తే జేఎఫ్‌కేయే మేలు. ఎక్కడం గన్నవరం నుంచి గానీ శంషాబాద్ నుంచి గానీ. రాజమండ్రి నుంచి విడి టికెట్టు మాత్రం వద్దు. మీ తేదీలకి ఏ విమానాలు దొరుకుతాయో చూసి చివరి లెక్క మీరే వేసుకోవాలి కాబట్టి ఒక్కొక్కటీ విడమరిచి రాస్తాను.

ముందు టికెట్ల సైటు సంగతి. అక్కడ న్యూయార్క్ అని కొడితే అది ఎన్‌వైసీ అనే ఊరి కోడ్ మీద వెతుకుతుంది. ఆ ఒక్క కోడ్ కింద మూడు ఎయిర్‌పోర్టులున్నాయి: క్వీన్స్‌లో జేఎఫ్‌కే, అదే క్వీన్స్‌లో లాగ్వార్డియా, హడ్సన్ నదికి ఇవతల న్యూజెర్సీలో నెవార్క్. టికెట్టు మీద వీటి కోడ్‌లు జేఎఫ్‌కే, ఎల్‌జీఏ, ఈడబ్ల్యూఆర్. లాగ్వార్డియా దేశం లోపలి విమానాలది. అక్కడి నుంచి నేరుగా నడిచే విమానాలకి చాలామటుకు 1500 మైళ్ల హద్దు కూడా ఉంది. ఇండియా నుంచి వచ్చేవాళ్లకి దాంతో పనిలేదు. అయినా చవక టికెట్లలో అది చొరబడుతుంది: జేఎఫ్‌కేలో దిగి, లాగ్వార్డియాలో ఇంకో విమానం ఎక్కి వేరే ఊరు వెళ్లేటట్టు సైటు కలిపి చూపిస్తుంది. స్క్రీన్ మీద రెండూ న్యూయార్కే. నిజానికి పెట్టెలు తీసుకుని, బయటికొచ్చి, టాక్సీలో 15 కిలోమీటర్ల పైన వెళ్లాలి. జేఎఫ్‌కేకీ నెవార్క్‌కీ మధ్య అయితే 50 కిలోమీటర్ల దాకా ఉంది. కాబట్టి వెతికేటప్పుడు ఊరి పేరు కాకుండా ఈడబ్ల్యూఆర్ అని ఒకసారి, జేఎఫ్‌కే అని ఒకసారి విడివిడిగా కొట్టండి. ఎయిర్‌పోర్టు మారాలి అని గానీ సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ (విమానం మారే బాధ్యత మీదే) అని గానీ చిన్నక్షరాల్లో కనిపించిన టికెట్టు జోలికి పోవద్దు.

ఇక రోడ్డు. నెవార్క్ నుంచి ఎడిసన్ 30 కిలోమీటర్లు. టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కి పదో ఎగ్జిట్‌లో దిగితే అరగంట, రద్దీలో ముప్పావుగంట. జేఎఫ్‌కే నుంచి 65 - 70 కిలోమీటర్లు: బెల్ట్ పార్క్‌వే మీద బ్రూక్లిన్ అంచు వెంబడి వచ్చి, వెరజానో వంతెన దాటి, స్టాటెన్ ఐలండ్ అడ్డంగా కోసుకుని, గోథల్స్ వంతెన మీదుగా న్యూజెర్సీలోకి రావాలి. రోడ్డు ఖాళీగా ఉంటే గంట, గంటంబావు. మధ్యాహ్నం మూడు నుంచి ఏడు మధ్య దిగితే రెండు గంటలు దాటడం మామూలే. టోల్ కూడా చూసుకోండి. వెరజానో మీద 2020 డిసెంబరు నుంచి రెండువైపులా కట్టాలి, గోథల్స్ మీద న్యూయార్క్ వైపు వెళ్లేటప్పుడు కట్టాలి. అంటే ఒక్కసారి తీసుకురావడానికి మూడు టోళ్లు, తిరుగు ప్రయాణంలో దింపడానికి మరో మూడు. పెట్రోలు, మీరు సెలవు పెట్టే పూట కలిపితే ఇద్దరి మీద మిగిలే పద్నాలుగు వేలు చాలామటుకు అక్కడే సరి. అంతకన్నా ముఖ్యం, ఇరవై గంటల పైన కూర్చుని కాళ్లు వాచిన మనుషులు కారులో ఇంకో రెండు గంటలు కూర్చోవాలి. నెవార్క్ నుంచి మెట్రోపార్క్, ఎడిసన్ స్టేషన్లకి రైలు ఉంది గానీ, ఎయిర్‌ట్రెయిన్ ఎక్కి దిగి నాలుగు పెట్టెలతో ప్లాట్‌ఫారం మారడం పెద్దవాళ్ల వల్ల కాదు.

నెవార్క్‌కి ఒక బలహీనత ఉంది, అది తెలిసే ఎంచుకోండి. అక్కడి రెండు ప్రధాన రన్‌వేలు పక్కపక్కనే, బాగా దగ్గరగా ఉంటాయి. మబ్బు కిందికి దిగినా, చూపు ఆనకపోయినా రెండింటి మీదా ఒకేసారి విమానాలు దించలేరు. జేఎఫ్‌కేకి నాలుగు రన్‌వేలు, వెసులుబాటు ఎక్కువ. 2025 ఏప్రిల్ 28న నెవార్క్ విమానాలని నడిపించే కంట్రోల్ కేంద్రంలో రాడార్, రేడియో కాసేపు పనిచేయకుండా పోయాయి. ఆ తర్వాత వారాల తరబడి ఆలస్యాలు, రద్దులు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ గంటకి ఇన్ని విమానాలే అని పరిమితి పెట్టాల్సి వచ్చింది. దీని దెబ్బ ఎక్కువగా దేశం లోపల తిరిగే చిన్న విమానాల మీద పడుతుంది, సముద్రం దాటి వచ్చే పెద్ద విమానాన్ని వీలైనంతవరకు దింపుతారు. మీవాళ్లకి అదే చివరి మజిలీ కాబట్టి గంట ఆలస్యమైనా మీరు బయట వేచి ఉంటారు, అంతే. నెవార్క్‌లో దిగి ఇంకో ఊరికి విమానం మారేవాళ్లకయితే ఈ మాట చెప్పను. జూలై సాయంత్రాలు అక్కడ ఉరుముల వాన ఎక్కువ, మూడు ఎయిర్‌పోర్టులూ ఒకేసారి స్తంభిస్తాయి. మధ్యాహ్నం రెండులోపు దిగే విమానం దొరికితే కొంచెం ధర ఎక్కువైనా అదే తీసుకోండి.

హైదరాబాదు నుంచి ఒక్క మార్పుతో వెళ్లే దారులు ఇవి: లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సా. ఈ రెండింటికీ అక్కడి నుంచి నెవార్క్‌కీ, జేఎఫ్‌కేకీ కూడా విమానాలు ఉంటాయి. దోహా మీదుగా ఖతార్, అబుదాబి మీదుగా ఎతిహాద్ అయితే జేఎఫ్‌కే. దుబాయ్ మీదుగా ఎమిరేట్స్ జేఎఫ్‌కేకి నేరుగా వెళ్తుంది. వాళ్ల నెవార్క్ విమానం మాత్రం మధ్యలో ఏథెన్స్‌లో ఆగుతుంది, ఆ రకంగా ఆగడాలు రెండు. ఢిల్లీ మీదుగా ఎయిర్ ఇండియా. సీజన్‌ని బట్టి ఇవి మారుతుంటాయి, మీ తేదీకి ఉందో లేదో ఆ సంస్థ సొంత సైటులో చూశాకే డబ్బు కట్టండి.

వీటిలో అబుదాబి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ 2014 నుంచి అక్కడే పెట్టారు. జేఎఫ్‌కేలో దిగేసరికి లోపలి విమానంలో వచ్చినట్టే లెక్క, నేరుగా పెట్టెల బెల్టు దగ్గరికి వచ్చేస్తారు. పద్నాలుగు గంటలు కూర్చున్నాక జేఎఫ్‌కే వరసలో గంటో గంటన్నరో నిలబడే బాధ తప్పుతుంది. నెవార్క్‌కి ఒక్క మార్పుతో ఏదీ దొరక్కపోతే నా రెండో ఎంపిక ఇదే. అయితే ఆ తనిఖీకి అబుదాబిలో సమయం కావాలి, అక్కడ మార్పుకి మూడు గంటలైనా లేని టికెట్టు తీసుకోవద్దు.

ఇటు మన డెల్టా వైపు చూద్దాం. ఉండి నుంచి గన్నవరం ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా రెండు, రెండున్నర గంటలు. రాజమండ్రికి ఉన్న మధురపూడి ఎయిర్‌పోర్టుకి కూడా అంతే పడుతుంది: తణుకు, రావులపాలెం మీదుగా వెళ్తే రాజమండ్రి ఊరు చుట్టి కోరుకొండ రోడ్డు ఎక్కాలి, కొవ్వూరు వైపు నుంచి నాలుగో వంతెన మీదుగా వెళ్తే ఊరి రద్దీ తప్పుతుంది. అమలాపురం, రాజోలు వాళ్లకి మధురపూడి దగ్గర. మీకు రెండూ ఒకటే దూరం.

రాజమండ్రి వద్దనడానికి కారణం దూరం కాదు, కాటా. అమెరికా టికెట్టు మీద సాధారణంగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు తీసుకెళ్లొచ్చు. ఇద్దరికీ నాలుగు పెట్టెలు, 92 కిలోలు. రాజమండ్రి నుంచి హైదరాబాదుకి విడిగా కొన్న ఇండిగో టికెట్టులో మనిషికి 15 కిలోలు, ఇద్దరికీ 30. మిగతా 62 కిలోలకీ కిలో చొప్పున కట్టాలి. ఆ రసీదు చూస్తే మీరు జేఎఫ్‌కేలో మిగిల్చిన పద్నాలుగు వేలు గుర్తుకు రావు. పైగా విడి టికెట్టు కాబట్టి మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకి బాధ్యత లేదు. ఎక్కకపోతే నో-షో అని రాసుకుంటారు, దాంతోపాటు తిరుగు టికెట్టు కూడా రద్దయిపోతుంది. జూలైలో వానలు, హైదరాబాదుకి నడిచేవి ఎక్కువగా ఏటీఆర్ చిన్న విమానాలు, రోజుకి కొన్నే. ఆఖరి విమానం రద్దయితే తెల్లవారుజాము ప్రయాణం పోయినట్టే. తప్పనిసరైతే మధ్యాహ్నంలోపు విమానం ఎక్కి, సాయంత్రానికల్లా శంషాబాద్‌లో ఉండాలి. రాజమండ్రి మొదలు నెవార్క్ దాకా ఒకే టికెట్టులో కలిసొస్తే ఈ మాటలేవీ వర్తించవు, నిశ్చింతగా తీసుకోండి.

గన్నవరం నుంచి ఎయిర్ ఇండియాలో ఢిల్లీ, అక్కడి నుంచి న్యూయార్క్ ఒకే టికెట్టు మీద దొరుకుతుంది. ఇదీ ఒక్క మార్పే. మీ ఇంటి నుంచి రెండున్నర గంటల్లో మొదటి కౌంటర్ దగ్గరుంటారు, పెట్టెలు అక్కడే ఇచ్చేస్తారు. మీ తేదీకి ఢిల్లీ - నెవార్క్ విమానం ఉంటే వెళ్లేటప్పటికి ఇదే మొదట చూడండి. మూడు విషయాలు గమనించాలి. ఢిల్లీలో మూడో టెర్మినల్లో దిగి అక్కడే ఎక్కేటట్టు ఉండాలి. ఒకటో టెర్మినల్ అక్కడికి కిలోమీటర్ల దూరం, బస్సులోనో టాక్సీలోనో వెళ్లాలి. మార్పుకి నాలుగు గంటలుండాలి. చివరగా, 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ మన విమానాలకి తన ఆకాశమార్గం మూసేశాక ఆ దూరప్రయాణం ఇంకా పొడవైంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పదిహేను గంటల పైన ఒకే సీటు కంటే, మధ్యలో లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దిగి నాలుగడుగులు వేయడం నయం. నాన్నగారి ఆరోగ్యం చూసుకుని నిర్ణయించండి.

గన్నవరంలో పెట్టె ఇచ్చినప్పుడు దాని పిడికి కట్టే పొడుగాటి కాగితం ట్యాగ్ చూడమనండి. దాని మీద మూడక్షరాల కోడ్‌లు ఉంటాయి, పెద్దక్షరాల్లో కొట్టొచ్చినట్టు కనిపించేది పెట్టె చేరే చివరి ఊరు. అది ఈడబ్ల్యూఆర్ అని ఉండాలి, దారిలో మారే ఊరు డీఈఎల్ చిన్నగా ఉండాలి. పెద్దక్షరాల్లో డీఈఎల్ ఉందంటే పెట్టె ఢిల్లీ బెల్టు మీద ఒంటరిగా తిరుగుతుంది, మీవాళ్లు నెవార్క్ చేరతారు. కౌంటర్ దగ్గర ఉండగానే ఈ నాలుగు ట్యాగ్‌లనీ, పాస్‌పోర్టు వెనక అంటించిన నాలుగు చీటీలనీ ఫోన్‌లో ఫొటో తీసి మీకు పంపమనండి. తప్పు సరిచేయించగలిగేది ఆ పది నిమిషాల్లోనే. ఇంటి దగ్గర తూచేటప్పుడు ఒక్కో పెట్టె 22 కిలోల దగ్గర ఆపేయండి, మన కాటాకీ వాళ్ల కాటాకీ అరకిలో తేడా వస్తుంది.

శంషాబాద్ దారి ఎంచుకుంటే కారే మంచిది. భీమవరం టౌన్‌లో రాత్రి రైలెక్కితే పొద్దున్నకి సికింద్రాబాద్‌లో దించుతుంది నిజమే. కానీ నాలుగు పెట్టెలు రైలెక్కించి దింపి, కూలీని పెట్టుకుని, మళ్లీ 40 కిలోమీటర్లు టాక్సీలో వెళ్లాలి. కారు అయితే ఇంటి గుమ్మంలో పెట్టెలు పెడితే ఎయిర్‌పోర్టు గుమ్మంలోనే దించుతారు. దాదాపు 400 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే ఎనిమిది గంటలు. విజయవాడ రోడ్డు మీద పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కితే ఊళ్లోకి పోకుండా శంషాబాద్‌లో తేలతారు. ఎల్బీనగర్ వైపు తీసుకెళ్లొద్దని డ్రైవరుకి ముందే చెప్పండి. శంషాబాద్‌కి ఇంకో గుణం ఉంది: లోపలి విమానాలకీ విదేశీ విమానాలకీ ఒకటే టెర్మినల్ భవనం. ఢిల్లీ, బెంగళూరుల్లోలాగ టెర్మినల్ మారడం లేదు. ముంబయిలో పాత ఎయిర్‌పోర్టులోనే రెండు టెర్మినళ్లుండగా, 2025 డిసెంబరు 25 నుంచి నవీ ముంబయి ఎయిర్‌పోర్టు కూడా నడుస్తోంది. ముంబయి మీదుగా వచ్చే టికెట్టులో ఏ ఎయిర్‌పోర్టు, ఏ టెర్మినల్ అన్నది రెండువైపులా చూడాలి.

తేదీ దగ్గర చాలామంది పొరపడతారు. గల్ఫ్ విమానాలు ఎక్కువగా తెల్లవారుజామున మూడు, నాలుగింటికి బయలుదేరతాయి. టికెట్టు మీద 8వ తేదీ 4 గంటలు అని ఉంటే, 7వ తేదీ రాత్రి పన్నెండుకి ఎయిర్‌పోర్టులో ఉండాలి, 7వ తేదీ పొద్దున తొమ్మిదికల్లా ఉండిలో బయలుదేరాలి. 8న సాయంత్రం పెట్టెలు సర్దుకుని వెళ్లేసరికి విమానం పోయి రోజు దాటిపోతుంది. ఇంట్లో క్యాలెండర్ మీద 7వ తేదీ గడిలోనే ప్రయాణం అని రాయించండి. సాయంత్రం చేరాక శంషాబాద్‌లో నాలుగు గంటలకి గది తీసుకుని నడుం వాల్చి వెళ్తే బాగుంటుంది.

అబుదాబిలోనే తనిఖీ అయిపోతే తప్ప, అమెరికాలో ఏ ఎయిర్‌పోర్టులో మొదట కాలుపెడితే అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటాలి, ఆ తర్వాత ఇంకో ఊరుంటే మళ్లీ అప్పగించాలి. ఎడిసన్ వాళ్లకి ఇది సమస్య కాదు. చికాగోలోనో వాషింగ్టన్‌లోనో దిగి నెవార్క్‌కి చిన్న విమానం మారే టికెట్టు చవగ్గా కనిపిస్తే గుర్తుపెట్టుకోండి. మన పెట్టెల్లో ఆవకాయ, పూతరేకులు, కాజాలు ఉంటాయి, తెరిచి చూస్తారు. పచ్చి కరివేపాకు తీసి పారేస్తారు, నిమ్మ జాతి చెట్లని తినేసే తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది. కోడి పచ్చడి, మాంసం పచ్చడి ఏ రూపంలోనూ వద్దు. తిండి పదార్థాలున్నాయని అడిగినప్పుడు ఉన్నాయనే చెప్పమనండి, లేవని చెప్పి దొరికితే జరిమానా. ఈ తనిఖీకి అరగంట పోయినా ఇంకో విమానం పట్టుకోవాల్సిన పని లేకపోతే కంగారు ఉండదు. దుబాయ్, అబుదాబి మీదుగా అయితే గసగసాలు ఒక్క చెంచా కూడా పెట్టొద్దు, ఆ దేశంలో అవి నిషేధం. విమానం తప్పి రాత్రికి బయటికి రావాల్సి వస్తే ఆ పెట్టెతోనే కస్టమ్స్ దాటాలి.

వీల్‌చెయిర్ ఇద్దరికీ టికెట్టు తీసుకున్నప్పుడే అడగండి, కనీసం 48 గంటల ముందు. నడవగలిగినా తీసుకోండి. భాష తెలియనివాళ్లకి అది కుర్చీ కన్నా దారి చూపే మనిషి. ఎడిసన్ చిరునామా, మీ ఫోన్ నంబరు, తిరుగు టికెట్టు తేదీ ఇంగ్లీషులో రాసిన కాగితం ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి. మందులు చేతిసంచిలోనే.

వేరే ఊళ్లకి వెళ్లేవాళ్లూ ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. డాలస్ అయితే డీఎఫ్‌డబ్ల్యూ. లవ్ ఫీల్డ్‌కి విదేశీ విమానాలు రావు. వాషింగ్టన్ చుట్టుపక్కల యాష్‌బర్న్, హెర్న్‌డన్ వాళ్లకి డల్లస్ ఎయిర్‌పోర్టు ఇంటి పక్కనే. డాలస్ ఊరూ డల్లస్ ఎయిర్‌పోర్టూ వేరు, కోడ్ ఐఏడీ అని సరిచూడండి. చికాగోకి ఓహేర్. లండన్‌కి హైదరాబాదు నుంచి నేరుగా హీత్రూ ఉంది, దాన్ని వదిలి గాట్విక్ వెతకనక్కర్లేదు. హీత్రూలో దిగి గాట్విక్‌లో ఎక్కే టికెట్టయితే బ్రిటన్ ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, వీసా చిక్కు కూడా అందులోనే ఉంది.

తిరుగు ప్రయాణం. వెళ్లిన ఎయిర్‌పోర్టుకే రావాలని లేదు. మల్టీ సిటీ అని పెట్టి వెతికితే గన్నవరంలో ఎక్కి శంషాబాద్‌లో దిగేటట్టు ఒకే టికెట్టు దొరుకుతుంది. మీకు అదే బాగుంటుంది. డిసెంబరు మధ్య నుంచి జనవరి దాకా ఢిల్లీలో పొగమంచు, పొద్దుటి విమానాలు గంటల కొద్దీ ఆగుతాయి. పైగా విదేశం నుంచి వచ్చి ఢిల్లీలో మారేటప్పుడు పెట్టెలు సాధారణంగా అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాలి. హైదరాబాదు టికెట్టులో ఈ బాధ లేదు. తేదీ ఎంచుకునేటప్పుడు ఐ-94 గడువు, అంటే అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో దిగినప్పుడు ఇచ్చే గడువు, లెక్కలో పెట్టుకోండి, దిగాక అసలు తేదీ సరిచూడండి. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు, జూలై 8న దిగితే జనవరి 7 దాకా. పండగ దాకా ఉంచాలనుకుంటే గడువు దాటిపోతుంది. నాలుగు రోజుల ముందే పంపండి. ఆ ముందు రావడంలో ఇంకో మేలుంది: జనవరి 10 నుంచి 13 దాకా హైదరాబాదు నుంచి ఆంధ్ర వైపు కార్లన్నీ ఒకేసారి కదులుతాయి, చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు దగ్గరే గంటలు గడుస్తాయి. 5వ తేదీకి శంషాబాద్‌లో దిగితే రోడ్డు ఖాళీ. పొద్దున ఎనిమిదిలోపు దిగే విమానం ఎంచుకోండి, సాయంత్రం వెలుగుండగానే ఉండి చేరతారు. రాత్రి రెండింటికి దిగేదైతే అప్పటికప్పుడు బయలుదేరనివ్వొద్దు. డ్రైవరు అంతకుముందు రాత్రంతా నిద్రలేకుండా వచ్చి ఉంటాడు. ఎయిర్‌పోర్టులోనే కాఫీ తాగి, తెల్లారాక ఆరింటికి బయలుదేరమనండి.